అవ్వ నోటికి కుదరని మాట

ఆ గదిలో ఒక పెద్ద బల్ల, ఆ బల్ల నడిమధ్య ఒక కన్నం. ఇంట్లోవాళ్ళు దాన్ని నుయ్యి అంటారు. అందులో నీళ్ళుండవు, తోడుకోవడానికేమీ ఉండదు. మనిషే కింద నుంచి పైకి తేలాలి. బల్ల కిందికి దూరి, మోకాళ్ళ మీద పాకి, రెండు చేతులూ నెత్తి మీదికెత్తి, ఊపిరంతా వదిలేసి లేచి నిలబడితే నడుము దాకా బయటపడతారు. అప్పుడు చుట్టూ నాలుగు వైపులా గుడ్డతో కుట్టిన ఇల్లు. గుడ్డ గోడలు, గుడ్డ మెట్లు, గుడ్డ పొయ్యి, గుడ్డ తలుపు. ఆ తలుపు దగ్గర జానెడు పొడవు అవ్వ బొమ్మ.

ఆ నుయ్యి కోసినప్పుడు చీమకి తొమ్మిదేళ్ళు. అసలు ఆ పిల్లని కొలిచే కోశారు. పెద్దవాళ్ళు పట్టని సందుల్లోకి దూరి, దేన్నీ తగలకుండా బొమ్మని కదిపి వచ్చేది కాబట్టి పెదనాన్న ఆమెని చీమ అని పిలిచాడు. బడిలో రాయించిన పేరు ఒకటుంది గానీ అది బడితోనే పోయింది. ఇప్పుడు చీమ ముప్ఫై దాటిన మనిషి. మనిషి పెరిగింది, నుయ్యి పెరగలేదు. అది చాలదన్నట్టు ఇప్పుడామెకి నాలుగో నెల.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ముగ్గురే. చీమ, ఆమె మొగుడు, డాక్టరమ్మ. పెదనాన్నకి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, చెబితే ఈ గదిలోంచి బయటపడాలి, బయటపడితే సినిమా ఆగిపోతుంది, ఆగిపోతే ఆ పాపం తన నెత్తినే ఉంటుంది. పొట్ట నుయ్యికి అడ్డం పడేలోగా చివరి షాట్ తీసేయాలి. తీసేసి, చేతులు దులుపుకుని, తలెత్తుకుని వెళ్ళిపోవాలి. రోజూ పొద్దున్నే బల్ల కిందికి పాకుతూ ఆమె అనుకునేది ఇదొక్కటే.

సినిమా అంటే ఏదో ఊహించుకోకండి. హీరో లేడు, పాటల్లేవు. ఒక అవ్వ, ఆవిడకో గుడ్డ ఇల్లు. ఆ ఇల్లు రోజూ ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, అవ్వ కూర్చుని కుడుతుంది. జన్మంతా కుడుతూనే ఉంటుంది. చివరికి ఒకరోజు సూది పక్కన పెట్టేసి, తలుపు తీసి, ఇంటితో ఒక మాట చెప్పి బయటికి నడుస్తుంది. అంతే కథ. అరగంట కూడా ఉండదు. కానీ బొమ్మల సినిమా అంటే తెలుసుగా, బొమ్మని వెంట్రుకవాసి కదపాలి, ఒక ఫోటో తీయాలి, మళ్ళీ వెంట్రుకవాసి కదపాలి, ఇంకో ఫోటో తీయాలి. అవ్వ ఒక్కసారి తుమ్మాలంటే మనకి పొద్దుగూకుతుంది.

మొదలుపెట్టింది పెదనాన్న, పెద్దమ్మ. ఆయన తీసేవాడు, ఆవిడ కుట్టేది. అవ్వకి గొంతు కూడా ఆవిడదే. చీమ అమ్మానాన్నలు ఊరూరా రోడ్లు వేయించే పనిలో తిరుగుతూ, పిల్ల చదువు పాడవకూడదని ఇక్కడ వదిలారు. చదువేమో గానీ పిల్ల మాత్రం పనిలోకి వచ్చింది. బడి కాగానే సంచీ మూల పడేసి బల్ల కిందికి దూరేది. అప్పట్లో అది ఆటే. పెద్దమ్మ మిగిలిన గుడ్డముక్కలతో దానికి గౌన్లు కుట్టేది. అవ్వ చీరా, చీమ గౌనూ ఒకే తానులోవని చూసి ముగ్గురూ నవ్వుకునేవారు.

చీమ పదో తరగతిలో ఉండగా పెద్దమ్మ పోయింది. అప్పటికి సినిమా అంతా అయిపోయింది, ఒక్క చివరి షాట్ తప్ప. ఏనుగు వెళ్ళింది, తోక చిక్కింది అంటారే, సరిగ్గా అదే. ఆ తోక పట్టుకుని ఇన్నేళ్ళుగా లాగుతూనే ఉన్నారు. తీయడం, చూడడం, బాగాలేదనడం, మళ్ళీ తీయడం. ఒకసారి నీడ బాగాలేదన్నాడు పెదనాన్న. ఒకసారి అవ్వ కన్ను ఎటో చూసిందన్నాడు. ఒకసారి కింది అంతస్తులో మూతబడ్డ అచ్చాఫీసులో ఎవరో సామాను జరిపితే బల్ల అదిరిందన్నాడు. ఏం మిగిలినా మిగలకపోయినా ప్రతిసారీ మిగిలేది ఒకటే వంక, పెదవి పలకలేదు.

మధ్యలో ఆయన చేతులకి వణుకు పట్టుకుంది. అప్పటి నుంచి ఆయన ముక్కాలిపీట మీద కూర్చుని చెబుతాడు, చీమ చేస్తుంది. ఆయన చేతులు ఇప్పుడు ఈమెవే. చేతులు మనిషిని వదిలేసి వెళ్ళిపోతాయా? అక్కడే పడింది చిక్కంతా. పోనీ ఆయన చెడ్డవాడా అంటే కాదు. చెడ్డవాడైతే ఎప్పుడో తలుపు ధడాలున వేసి పోయుండేది. పొద్దున లేస్తే ఆమె ఏమైనా తిన్నదా లేదా అని అడిగే మనిషి, ఆమెకి జ్వరమొస్తే మంచం పక్కన కూర్చునే మనిషి. అలాంటివాడు గొలుసు వేయక్కర్లేదు, ఉత్తగా కూర్చుంటే చాలు, కదల్లేం.

ఆ గది సంగతి కూడా చెప్పాలి. కిటికీలన్నిటికీ నల్ల కాగితం. బయట మబ్బు కదిలితే లోపల వెలుతురు మారుతుంది కాబట్టి. ఫ్యాను వేయకూడదు, అవ్వ జుట్టు కదులుతుంది. నల్ల బట్టలే వేసుకోవాలి, రంగు బట్టలైతే వాటి ఛాయ గోడల మీద పడుతుంది. షాట్ నడుస్తుండగా తలుపు తీయకూడదు, గాలి కొడుతుంది. నుయ్యిలో నిలబడ్డాక షాట్ అయ్యేదాకా దిగకూడదు, దిగితే బల్ల కదులుతుంది. లైట్ల వేడికి నెత్తి మాడుతుంటే, కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే, అలాగే నిలబడాలి. పెళ్ళి కూడా రెండు షాట్ల మధ్య దొరికిన ఖాళీలో చేసుకుంది చీమ.

మొగుణ్ణి అందరూ పళ్ళాయన అంటారు. తోపుడుబండి మీద అమ్మే పళ్ళు కాదు, నోట్లో ఉండే పళ్ళు. పక్క వీధిలో కట్టుడుపళ్ళు చేసే దుకాణం అతనిది. అవ్వ పెదవులకి గులాబీరంగు ముద్ద కావాలని పెదనాన్న కబురుచేస్తే తెచ్చి ఇచ్చాడు, మళ్ళీ తెచ్చాడు, అడక్కపోయినా తెచ్చాడు. అలా కుదిరింది. ఇప్పుడు అవ్వ నోళ్ళన్నీ అతనే చేస్తాడు. నోళ్ళు అంటే, అవ్వకి నోరు కదలదు, నోరే మారుతుంది. ఎ అనే నోరు వేరు, ఒ అనే నోరు వేరు, ఆ అనే నోరు వేరు. గూళ్ళున్న డబ్బాలో అన్నీ వరసగా ఉంటాయి. ఒకటి తీసి, ఇంకోటి అతికిస్తే చిన్న అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది.

ఆ పొద్దున కూడా మామూలుగానే జరిగింది. చీమ నుయ్యిలోకి తేలింది. ఈసారి ఊపిరి వదిలినా చాల్లేదు, అటూ ఇటూ మెలితిరగాల్సి వచ్చింది. పెదనాన్న హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. పెద్దమ్మ గొంతు ఆయనొక్కడే వింటాడు. చీమకి వినిపించడు. మాట వింటే చెయ్యి ముందుకి ఉరుకుతుంది, చేతికి నోరు చాలు, గొంతెందుకు అంటాడు. చీమ ఆ మాట చిన్నప్పటి నుంచీ వింటోంది, నిజమేననుకుంది.

"ఎ పెట్టు," అన్నాడు. టక్కున పెట్టింది. "ఇంకో ఎ. కొంచెం చిన్నది. ఊఁ. ఇప్పుడు ఒ."

ఒ పెట్టింది. కడుపులో తిప్పింది. పంటి బిగువున ఆపుకుంది.

"ఆ. పళ్ళు కనపడనీ. ఉ. మూసెయ్."

మూసేసింది. అవ్వ నోరూ, తన నోరూ. తీసిందంతా కంప్యూటర్లో తిప్పి చూశాడు పెదనాన్న. హెడ్‌ఫోన్ల మీద చేతులు పెట్టుకుని, ముఖం తెరకి ఆనించి, ఊపిరి తీయకుండా చూశాడు. చీమ నుయ్యిలోంచే మెడ సాచి మూగ బొమ్మని చూసింది. ఆమె కంటికి అవ్వ చక్కగా మాట్లాడింది. వెళ్ళొస్తాను అని ప్రాణమున్న మనిషిలా పలికింది.

"ఊఁహూఁ," అన్నాడాయన. "పెదవి పలకలేదు."

"ఎక్కడ పలకలేదు పెదనాన్నా? చూపించు."

"చూపిస్తే కనపడేది కాదమ్మా అది." హెడ్‌ఫోన్లు తీసి ఆమె వైపు చూశాడు. "నీకు ఒంట్లో బాగాలేదా? ముఖమేంటి అలా పీక్కుపోయింది?"

"జిగురు వాసన."

"ఇన్నేళ్ళ నుంచి లేనిది ఇప్పుడొచ్చిందా నీకు జిగురు వాసన?"

చీమ చేతులెత్తి కిందికి జారింది. దిగేటప్పుడు బల్ల అంచు పొట్టకి ఒరుసుకుంది. కింద చీకట్లో కాసేపు కూర్చుండిపోయింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. అడకత్తెరలో పోకచెక్క అని ఊరికే అనలేదు పెద్దవాళ్ళు. ఒక వైపు ఇంకా పుట్టని బిడ్డ, ఇంకో వైపు ఎప్పటికీ నడవని అవ్వ.

నాలుగు రోజుల తర్వాత హెడ్‌ఫోన్ల తీగ తెగింది. పెదనాన్న కంట్లో చుక్కలు వేయించుకొచ్చి పక్కగదిలో గుడ్డ కప్పుకుని పడుకున్నాడు. చీమ మొగుడికి ఫోన్ చేస్తే చిన్న పనిముట్ల సంచీ పట్టుకుని మేడెక్కి వచ్చాడు. పళ్ళకి తీగలు చుట్టే చేతికి ఇదేం లెక్క? ఇట్టే అతికించాడు. పనిచేస్తోందో లేదో చూద్దామని కంప్యూటర్లో ఆ గొంతు నొక్కి, ఒక చెవి తను పెట్టుకుని, ఇంకోటి చీమ చెవికి ఆనించాడు.

"వినిపిస్తోందా?"

వినిపించింది. కొంచెం ముక్కుతో మాట్లాడే గొంతు. పెద్దమ్మ గొంతు. చిరిగిన మోచేతి మీద ఉఫ్ మని ఊది మందు రాసిన గొంతు అది, గౌను కొలతలకి తిరగవే అని కసిరిన గొంతు అది.

"నిన్ను కుట్టడం అయిపోయింది," అంది పెద్దమ్మ. కాసేపు ఆగింది. "ఇక వెళ్తాను."

చీమ మళ్ళీ నొక్కింది. మళ్ళీ విన్నది. మూడోసారి కూడా నొక్కి, తన పెదవుల మీద వేలు పెట్టుకుని, గొంతుతో పాటు తనూ పలికింది.

"ఏమైంది?" అన్నాడు పళ్ళాయన.

"ఈ చివరి మాటలో ఒ లేదు."

"ఏం లేదు?"

"ఒ! ఒ లేదు ఇందులో!"

అతను కంగారుగా నోళ్ళ డబ్బా తెరిచాడు. "లేకపోవడమేంటి? మొన్నేగా అరడజను ఒలు చేసి ఇచ్చాను!"

చీమకి నవ్వొచ్చింది. నవ్వు మొదలుపెట్టి సగంలో ఏడ్చేసింది. అతనికి ఏమీ అర్థం కాలేదు పాపం, వీపు నిమురుతూ కూర్చున్నాడు.

మనవాళ్ళెవరూ గడప దాటేటప్పుడు వెళ్తాను అనరు. వెళ్ళొస్తాను అంటారు. పాల ప్యాకెట్ కోసం వీధి చివరికి వెళ్ళేవాడైనా అంతే. వెళ్ళడం ఎవడైనా వెళ్తాడు, తిరిగి రావాలి కదా! నోరు జారి వెళ్తానంటే, ఇంట్లో పెద్దవాళ్ళు వెళ్ళొస్తాననరా అని అక్కడికక్కడే దిద్దుతారు. చీమ ఇన్నేళ్ళూ అవ్వ నోట వెళ్ళొస్తాను అనిపించింది. గొంతేమో వెళ్తాను అంటోంది. బొమ్మ మూతి ఒ అని గుండ్రంగా చుట్టేసరికి గొంతు ఆ అని బార్లా తెరిచేసి ఉంది. అది ఇరవై సార్లు తీసినా కుదరదు, రెండొందల సార్లు తీసినా కుదరదు. కుదరదని ఆయనకి తెలుసు.

పెదనాన్న నిద్రలేచి వచ్చేదాకా ఆగింది. పళ్ళాయన్ని కిందికి పంపేసింది.

"పెద్దమ్మ వెళ్తాను అంది," అంది.

ఆయన కూర్చోబోయినవాడల్లా ఆగాడు. తర్వాత మెల్లగా పీట మీద కూలబడ్డాడు. "విన్నావా?"

"విన్నాను. నీకు తెలుసా తెలీదా?"

"తప్పు చదివిందమ్మా. నేను రాసింది వెళ్ళొస్తాను. అదేంటే అంటే, అవును కదా, రేపు మళ్ళీ చెప్తాలే అంది." కళ్ళు తుడుచుకున్నాడు. చుక్కల వల్లనో, మరెందుకో. "ఆ రేపు ఆసుపత్రిలో ఉంది. అన్నట్టే వెళ్ళిపోయింది."

"వేరేవాళ్ళ చేత చెప్పించొచ్చుగా!"

"అవ్వకి వేరే గొంతా? మీ పెద్దమ్మది నాకు మిగిలింది ఆ గొంతొక్కటే."

"మరి నోరు ఎందుకు మార్చావు?"

"కళ్ళు ఏది చూస్తే చెవులు అదే వింటాయి చీమా. నోరు వెళ్ళొస్తాను అని గట్టిగా అంటే, చెవి కూడా అలాగే వింటుందేమోనని చూశాను. ఒక్కసారి నాకలా వినపడితే చాలు, ఆపేద్దామనుకున్నాను. ప్రతిసారీ అది వెళ్తాననే అంటోంది."

చీమకి జాలి వేసింది. జాలి వెనకే ఒళ్ళు మండింది. ఆయన దుఃఖం ఆయనదే, కాదనలేదు. కానీ ఆ దుఃఖాన్ని నిలబెట్టింది తన కాళ్ళ మీద. తన నడుము మీద.

"నీ చెవి మోసపోవడం కోసం నన్ను ఇన్నేళ్ళు నుయ్యిలో నిలబెట్టావా పెదనాన్నా? ఒక్కమాట చెప్తే నీ సొమ్మేం పోయింది?"

"చెబితే వెళ్తాను అనే తీద్దామంటావు."

"అంటాను. రేపు తీస్తాను కూడా. నువ్వు చెప్పినా చెప్పకపోయినా."

"నా బల్ల మీద ఆ మాట అనిపించకు," అన్నాడాయన. "ఒకసారి అంటే ఒక మనిషి పోయింది."

"ఎల్లుండి నుంచి నేనందులో పట్టను," అంది చీమ. ఎందుకు పట్టదో చెప్పలేదు. ఆయన ఆమెని ఎగాదిగా చూసి, ఏమనుకున్నాడో ఏమో, లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున ఆమె వచ్చేసరికి పెదనాన్న పీట మీదే ఉన్నాడు. గోడకి ముఖం తిప్పుకుని, హెడ్‌ఫోన్లు చెవులకి పెట్టుకుని. చీమ బల్ల కిందికి పాకింది. ఊపిరి వదిలి, మెలితిరిగి, పొట్టని రెండు చేతులతో అదిమి పైకి తేలింది. నొప్పి పుట్టింది. ఇదే ఆఖరుసారి, ఓర్చుకో అని చెప్పుకుంది. పొట్టలో ఉన్నవాళ్ళకి కూడా చెప్పింది.

ఈసారి తనే చూసుకుంది. అవ్వ సూది పక్కన పెట్టింది. గోడ మీద అరచెయ్యి ఆనించింది. నిన్ను కుట్టడం అయిపోయింది, అంది. తలుపు తీసింది. అవ్వ నాలుగడుగులు వేసేసరికి బయట ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చీమకి తెలియదు. నల్ల కాగితాల వెనక పొద్దు ఎక్కడుంటే ఎవరికి తెలుసు? దాహం వేసింది, తాగలేదు. తాగితే మళ్ళీ బాత్రూం. అసలు ఇప్పుడే ఉగ్గబట్టుకుని నిలబడింది. అవ్వ గడప మీదికి కాలెత్తింది. ముందే తీసి దగ్గర పెట్టుకున్న ఎ నోరు చీమ అతికించింది. ఫోటో తీసింది.

"ఇప్పుడు ఆ పెట్టు," అన్నారెవరో.

పెదనాన్న. ఎప్పుడు తిరిగాడో ఇటు తిరిగి కూర్చున్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

ఒ పెట్టు అనలేదు. ఆ పెట్టు అన్నాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన పెద్దమ్మ మాటని పెద్దమ్మ అన్నట్టుగానే వింటున్నాడు. నోళ్ళ డబ్బా వెనక వైపు ఉంది. అందుకోవడానికి చీమ నడుము తిప్పబోయింది.

నడుము తిరగలేదు.

ఇంకోసారి ప్రయత్నించింది. కిందికి దిగబోయింది. పొద్దున పైకి తేలిన పొట్ట ఇప్పుడు దిగనంటోంది. ఇంతసేపు నిలబడి ఒళ్ళంతా ఉబ్బింది, బల్ల అంచు చుట్టూ పట్టేసింది. పైకీ లేదు, కిందికీ లేదు. ఒక్కసారిగా భయం వేసింది. లైట్లు, నల్ల గోడలు, గుడ్డ ఇల్లు, అన్నీ దగ్గరికి జరిగినట్టనిపించింది.

"పెదనాన్నా, ఇరుక్కున్నాను."

"ఊపిరి వదులు."

"వదిలాను."

"సబ్బునీళ్ళు తెస్తానుండు."

"వద్దు, అవ్వ చీర తడుస్తుంది."

"అయితే చేతులు పైకెత్తు. నేను కింద నుంచి కాళ్ళు పట్టి లాగుతాను." ఆయన అప్పటికే బల్ల కిందికి దూరాడు. చీమ చీలమండలకి ఆయన చేతులు తగిలాయి.

"లాగకు!" అని అరిచింది. ఆ గదిలో ఎవరూ అంత గట్టిగా ఎప్పుడూ అరవలేదు. "లాగొద్దు పెదనాన్నా. ఇక్కడ నేనొక్కదాన్నే లేను."

చేతులు వదిలేశాయి. పెదనాన్న బయటికి పాకి వచ్చి, మోకాళ్ళ దుమ్ము కూడా దులుపుకోకుండా ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

"ఎన్నో నెల?"

"నాలుగు నిండుతున్నాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఏమనేవాడివి?"

ఆయన అబద్ధం చెప్పలేదు. "షాట్ అయ్యాక మాట్లాడుకుందాం అనేవాణ్ణి," అన్నాడు. అని, మూలనున్న పెట్టె దగ్గరికి వెళ్ళి రంపం తీశాడు.

చీమకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె నోట వచ్చిన మాటకి ఆమే తర్వాత చాలా రోజులు ఆశ్చర్యపోయింది. "ఆగు! ఏం చేస్తున్నావు? ఇక మూడే నోళ్ళు. ఆ డబ్బా ఇటందించు. ఆ పెట్టి, ఉ పెట్టి, మూసేసి, అవ్వని గడప దాటించేస్తాను. తర్వాత కొయ్యి."

"ఎంతసేపు?"

"గంట. మహా అయితే గంటన్నర."

"కాళ్ళు?"

"తిమ్మిరెక్కాయి. పర్లేదు."

"బాత్రూం?"

"ఆపుకుంటాను. ఇన్నేళ్ళు ఆగాం పెదనాన్నా, గంట ఒక లెక్కా? ఇప్పుడు కోస్తే మళ్ళీ ఈ ఇల్లు కుట్టేవాళ్ళెవరు?"

పెదనాన్న అవ్వ వైపు చూశాడు. కాలెత్తి, నోరు సగం తెరిచి, గడప మీద నిలబడి ఉంది. తర్వాత చీమ వైపు చూశాడు.

"మీ పెద్దమ్మ కూడా సరిగ్గా ఇలాగే అంది," అన్నాడు. "కడుపులో నొప్పిగా ఉంది గానీ, ఈ అంచొక్కటి కుట్టేసి ఆసుపత్రికి వెళ్దామంది. ఎంతసేపన్నాను. గంటంది. సరేనన్నాను."

రంపం గుడ్డ మెట్ల మీద పెట్టాడు. పెదవి అతికించడానికి పనికిరాని చేతులు కోతకి బాగానే పనికొచ్చాయి. ముందుకీ వెనక్కీ ఊగడమేగా రంపం పని. మెట్లు తెగాయి, పొయ్యి తెగింది, పెద్దమ్మ కుట్టిన గోడ పర్రున చీలింది. అవ్వ బోర్లా పడింది. ఆయన ఆగలేదు. చీమ పొట్టకి బెత్తెడు దూరంలో రంపం ఆపి, మిగిలిన చెక్కని చేత్తో విరిచాడు. అరచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది, చూసుకోలేదు. చంకల కింద చేతులు వేసి ఆమెని చిన్నపిల్లని ఎత్తినట్టు బయటికి తీశాడు.

చీమ ఏడవడానికి కూడా ఆగలేదు. బాత్రూంకి పరుగెత్తింది.

తిరిగొచ్చేసరికి కిటికీల మీది నల్ల కాగితం ఒకటి చింపి ఉంది. గదిలో మామూలు మధ్యాహ్నపు వెలుతురు. పెదనాన్న కంప్యూటర్ ముందు కూర్చుని హెడ్‌ఫోన్ల తీగ పీకేశాడు. "రా, కూర్చో," అన్నాడు. పొద్దున తీసింది తిప్పాడు. అవ్వ గోడ నిమిరింది. తలుపు తీసింది. గడప మీదికి కాలెత్తి, మాట కోసం పెదవి తెరిచింది. అక్కడితో బొమ్మ అయిపోయి తెర నల్లబడింది. నల్లటి తెర మీద పెద్దమ్మ గొంతు ఒక్కటే నడిచింది.

"ఇక వెళ్తాను."

గది నిండా వినిపించింది. చీకట్లో నోరు లేదు కాబట్టి మాటతో పేచీ పడేవాళ్ళూ లేరు. పెదనాన్న మళ్ళీ తిప్పాడు. మూడోసారి తిప్పినప్పుడు ఆయన ముఖం మారింది.

"నవ్వుతూ అంది చూశావా," అన్నాడు. "మాట చివర నవ్వింది. నోరు చూసుకుంటూ ఇన్నేళ్ళూ ఆ నవ్వు వినలేదు నేను." కండువాతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. చీమ ఆయన అరచేతికి గుడ్డ చుట్టింది. గుడ్డ ఇంటి గోడ ముక్కే దొరికింది, దాన్నే చుట్టింది.

"ఇలాగే ఉంచేద్దాం," అన్నాడు ముఖం తుడుచుకుని. "ఇంకేమీ తీయొద్దు. అయిపోయింది సినిమా."

ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన మాట. వినపడగానే ఎగిరి గంతేస్తాననుకుంది చీమ. తీరా వినపడితే ఏం చేయాలో తోచక, నేల మీద పడ్డ అవ్వని తీసి బల్ల మీద కూర్చోబెట్టింది. సంచీ భుజాన వేసుకుంది. తలుపు దగ్గరికి వెళ్ళి, రోజూ అనే మాటే అంది.

"వెళ్ళొస్తాను పెదనాన్నా."

"రాకు," అన్నాడాయన.

"ఏంటి?"

"రాకు అంటున్నాను. పాపో బాబో పుట్టాక కబురు చెయ్యి, మీ ఇంటికి నేనే వస్తాను. నువ్వు మాత్రం ఈ గదిలోకి ఇక రావద్దు. వెళ్ళు."

గడప దాటే మనిషిని రాకు అనడం ఏ ఇంట్లోనైనా తిట్టే. కడుపుతో ఉన్న పిల్లని అనడమైతే మరీను. మెట్ల మీద ఎవరైనా విని ఉంటే ముసలాయనకి మతిపోయిందనుకునేవారు. చీమ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన కళ్ళు దించలేదు. కట్టుకట్టిన చెయ్యి ఊపి, వెళ్ళమన్నట్టు తలాడించాడు.

ఆమె మెట్లన్నీ దిగి పక్క వీధిలోకి మళ్ళింది. నల్ల బట్టల మీద ఎండ చుర్రుమంది. పళ్ళాయన దుకాణం అద్దాల తలుపు వెనక నుంచి ఆమెని చూసి, చేతిలో ఎవరి దవడో అలాగే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఏడుస్తున్నావేంటి? ఏమన్నాడాయన?"

"రావద్దన్నాడు," అంది చీమ, అతని భుజం మీద తల వాల్చి. "నన్ను ఇంక రావద్దన్నాడు."